మట్టి పరుపు

రండి, ఇలా దగ్గరికి జరిగి కూర్చోండి. ఆ గుమ్మం దగ్గర నిలబడ్డవాళ్ళు కూడా లోపలికి వచ్చేయండి, సగం విని సగం ఊహించుకునే కథ కాదిది. చేతిలో పనులుంటే కాసేపు పక్కన పెట్టండి, అవెక్కడికీ పారిపోవు. వదిన షవల్ ఎక్కిన మొదటి రోజు ఏం జరిగిందో చెబుతా వినండి.

గని అంటే నేలలో తవ్విన గొయ్యి. అయితే మామూలు గొయ్యి కాదు. ఒక పేటకు పేటను అందులో దింపినా ఇంకా చోటు మిగులుతుంది. పై నుంచి అడుగు దాకా మెట్లు మెట్లుగా కోసి ఉంటుంది, ఒక్కో మెట్టు రెండు మేడలంత ఎత్తు. ఆ అడుగున ఉంటుంది షవల్. ఇల్లంత యంత్రం, దానికి తొండం లాంటి ఒక చెయ్యి, చెయ్యి చివర బకెట్. పేరుకే బకెట్, మన వంటగది మొత్తం గిన్నెలతో సహా అందులో పట్టేస్తుంది. షవల్ రాయిని తవ్వి డంపర్ల తొట్టిలో పోస్తుంది. డంపర్లంటే పెద్ద పెద్ద బండ్లు, ఒక్కో చక్రం మనిషికి రెండింతలు. అవి రాయిని మోసుకుంటూ ఎక్కుడు దారిలో పైకి వెళ్ళి క్రషర్ నోట్లో కుమ్మరిస్తాయి. క్రషర్ ఆ రాయిని నమిలి పిండి చేస్తుంది. ఇక డోజర్ అని ఇంకొకటి, ముందు పెద్ద రేకు కట్టుకుని షవల్ కాళ్ళ చుట్టూ నేల ఊడుస్తూ తిరుగుతుంది. ఇంతే. ఈ నాలుగూ తెలిస్తే కథంతా తెలిసినట్టే.

వదిన ఏడో నంబరు డంపర్ నడిపేది. తొమ్మిదేళ్ళు నడిపింది. అందరికీ వదిన ఎలా అయిందంటే, పనిలో చేరిన మొదటి రోజు ఆమె బండి ఎక్కడ ఆపాలో తెలియక దిక్కులు చూస్తుంటే, అప్పటికే అక్కడ డంపర్ నడుపుతున్న మరిది "వదినా, ఇటు, ఇటు!" అని గొయ్యంతా మారుమోగేలా కేక పెట్టాడు. అంతే, ఆ పూట నుంచి ఆమె అందరికీ వదినే. తండ్రి వయసువాళ్ళకూ వదినే. కుర్ర ఇంజనీరు ఒకడొచ్చాడు తర్వాత, మర్యాద తెలిసినవాడు, అతను మాత్రం 'వదినగారు' అనేవాడు.

ఒక్క గరిట మామే ఆమెను 'అమ్మాయ్' అనేవాడు. షవల్ నడిపేది ఆయనే. ఇల్లాలు గరిటతో కూర వడ్డించినట్టు బకెట్‌తో రాయి వడ్డించేవాడు, ఒక్క పలుకు పక్కన పడేది కాదు, అందుకని గరిట మామ. డంపర్ వెనక్కి వచ్చి బకెట్ కింద నిలబడగానే ఒక హారన్ కొడతాడు, ఆగు అని. నాలుగు బకెట్లు పోసి రెండు హారన్లు కొడతాడు, నిండింది పో అని. ఈ హారన్లు ఏ గనిలోనైనా ఉండేవే. కానీ మామ రెండు కొట్టాక కాస్త ఆగి, చిన్నది ఇంకొకటి కొట్టేవాడు. దానికి ఏ పుస్తకంలోనూ అర్థం లేదు. గుమ్మం దాటేవాళ్ళతో 'జాగ్రత్త' అంటామే, అలాంటిది. డంపర్లవాళ్ళకు అది ఎంత అలవాటంటే, అది వినపడనిదే ఎవరి చెయ్యీ గేరు మీదికి పోయేది కాదు.

అదిగో, ఆ మామకు మోకాళ్ళు పోయాయి. షవల్ ఎక్కడానికి పదకొండు ఇనప మెట్లు. ఆ మెట్లు కావాలో మోకాళ్ళు కావాలో తేల్చుకోమన్నాడు డాక్టరు. మామ నెల రోజులు తేల్చుకోకుండా నాన్చాడు. చివరికి ఒకనాడు ఏడో మెట్టు మీద కూర్చుండిపోయాడు, అటు ఎక్కలేడు, ఇటు దిగలేడు. ఇద్దరు పట్టుకుని దింపారు.

ఆ సీటు మీద వదినకు ఎంత ఆశ ఉందో ఇంట్లో గోడలకు కూడా తెలుసు. తొమ్మిదేళ్ళు ఆ బకెట్‌ను కింద నుంచి చూసింది మరి. రెండేళ్ళ నుంచి భోజనాల వేళ మిగతావాళ్ళు డబ్బాలు విప్పుకుంటుంటే, తను నాలుగు ముద్దలు మింగి పరుగున పోయి మామ పక్కన నిలబడి పని నేర్చుకుంది. తవ్వడం, తిప్పడం, కుప్ప పోయడం అన్నీ వచ్చాయి. పరీక్ష రాసి కాగితం కూడా తెచ్చుకుంది. ఇంట్లో వడ్డించేటప్పుడు గరిటను గిన్నెలో ముంచి, పైకెత్తి, ఇలా అర్ధచక్రంగా తిప్పి కంచంలో వంచుతుంటే, అత్తగారు చూసి, ఇది అన్నం కంచమమ్మా, లారీ కాదు అనేది.

మామ వెళ్ళి ఇంజనీరుతో చెప్పాడు, వేరే గని నుంచి మనిషిని తెప్పించడం ఎందుకు, వదిన ఉంది కదా అని. ఇంజనీరు కాసేపు పెన్ను కొరికాడు. ఒక షిఫ్టు ఇస్తానన్నాడు. పొద్దున ఆరు నుంచి మధ్యాహ్నం రెండు దాకా. షరతు ఒకటే: ఆ ఎనిమిది గంటల్లో క్రషర్ నోరు ఖాళీగా ఉన్న సమయం మొత్తం కలిపి అరగంట దాటకూడదు. దాటితే పక్క గనికి ఉత్తరం పోతుంది, వేరే మనిషి వస్తాడు. ఇంకోమాట, మామ వచ్చి చూడొచ్చు గానీ వాకీటాకీ ముట్టుకోకూడదు, సలహా చెప్పకూడదు. మామ సరేనని రెండు చేతులూ జేబుల్లో పెట్టుకుని చూపించాడు.

ఇక్కడ అసలు చిక్కు ఒకటుంది, వినండి. క్రషర్ దగ్గర కూర్చుని, ఎప్పుడు ఖాళీ అయింది, ఎన్ని నిమిషాలు ఖాళీగా ఉంది అని వాకీటాకీలో చెప్పే మనిషి ఎవరనుకున్నారు? వదిన మొగుడే. ఉన్నది ఉన్నట్టు చెప్పడం తప్ప ఇంకేమీ చేతకాని మనిషి. ముందు రోజు సాయంత్రం భోజనాల దగ్గర తలెత్తకుండానే అన్నాడు:

"రేపు ఎన్ని నిమిషాలైతే అన్ని నిమిషాలు చెప్తాను. ఒకటి తగ్గించను."

"చెప్పండి. సాయంత్రం ఇంటికే కదా రావాలి," అంది వదిన.

మరిదికి నవ్వాగక పొలమారింది.

మర్నాడు ఆరింటికి వదిన పదకొండు మెట్లూ గబగబా ఎక్కేసింది. చంకలో మెత్త ఉంది. అదేం మెత్తంటే, డంపర్ తొట్టిలో బండరాయి పడ్డప్పుడల్లా ఆ అదురు సీట్లోంచి నడుములోకి, నడుములోంచి పళ్ళలోకి పాకుతుంది. అందుకని అత్తగారు పాత బట్టలు ఆరు మడతలు వేసి కుట్టి ఇచ్చింది. షవల్ సీటుకు దానితో పని లేదు, అలవాటుకొద్దీ తెచ్చుకుంది.

కూర్చుని కిందికి చూసింది. కుడి పక్కన, బకెట్‌కు అందేంత దూరంలో, మెత్తటి మట్టి కుప్ప ఒకటి పోసి ఉంది. ఇది ఇక్కడెందుకు, అడ్డం అనుకుంది. వాకీటాకీ తీసి డోజర్ అతన్ని పిలిచింది. అతన్ని అందరూ మౌని అనేవారు. నోట్లో నాలుక లేదు అన్నట్టు ఉంటాడు, వాకీటాకీలో 'సరే' తప్ప ఇంకో మాట విన్నవాళ్ళు లేరు. ఆ మట్టి కాస్త తీసేస్తావా అన్నా, అడ్డంగా ఉంది అని అడిగింది. మౌని డోజర్ ఒక్క క్షణం కదలకుండా నిలబడింది. తర్వాత 'సరే' అన్నాడు. కుప్పను దూరంగా నెట్టేశాడు.

మొదటి డంపర్ మరిదిదే వచ్చింది, పోటీలో పరుగెత్తినట్టు. వదిన ఒక హారన్ కొట్టింది. బకెట్ నింపింది. తిప్పింది. ఇక్కడ ఆమెకు తన నడుం గుర్తొచ్చింది. తొమ్మిదేళ్ళు మామ కింద బండి పెడితే ఒక్కనాడూ అదురు తెలియలేదు. రెండో షిఫ్టు షవల్ అతని కింద పెడితే పళ్ళు కదిలిపోయేవి. మామ బకెట్‌ను తొట్టి అడుగు దాకా మెల్లగా దించి, పాపాయిని పడుకోబెట్టినట్టు పోస్తాడని ఆమె ఎప్పుడో తీర్మానించుకుంది. డంపర్‌లో కూర్చున్నవాళ్ళకు వెనక తొట్టిలో ఏం జరుగుతోందో కనపడదు కదా, నడుముకు తెలిసిందే నిజం. మామ దగ్గర నేర్చుకున్నప్పుడు డంపర్లన్నీ భోజనాలకు ఆగి ఉండేవి, ఆమె పోసినదంతా నేల మీదే.

అందుకని బకెట్‌ను సగమే నింపి, తొట్టిలోకి దించి, దించి, అడుగు తాకీ తాకనట్టు పెట్టి, నెమ్మదిగా వంచింది. ఒక్క రాయి చప్పుడు చేయలేదు. మళ్ళీ అలాగే. మామ నాలుగు బకెట్లకు నింపే బండికి ఆమెకు ఎనిమిది పట్టాయి. రెండు హారన్లు కొట్టింది. మూడోది కొట్టలేదు. అది మామది, మనకెందుకు అనుకుంది. మరిది బండి ఒక్క క్షణం తటపటాయించి కదిలింది.

రెండో బండి, మూడో బండి. మూడోది నిండేసరికి నాలుగూ ఐదూ వెనక వరసలో నిలబడ్డాయి. అవి నిండేసరికి పైకెళ్ళిన మొదటిది మళ్ళీ వచ్చి వాటి వెనక చేరింది. గొయ్యి అడుగున బండ్ల వరస, పైన క్రషర్ నోరు ఖాళీ.

"క్రషర్ ఖాళీ. నాలుగు నిమిషాలు," అంది వాకీటాకీ. మొగుడి గొంతు. ఆఫీసు గొంతు.

వదిన తొందరపడింది. తొందరపడితే బకెట్ తొట్టి అంచుకు తగిలింది. మళ్ళీ నెమ్మదించింది. కాసేపటికి మళ్ళీ అదే గొంతు, ఈసారి ఆరు నిమిషాలు. ఆ తర్వాత ఐదు. టీ వేళకు లెక్క ఇరవై ఐదుకు చేరింది. ఇంకా నాలుగు గంటల పని ఉంది, చేతిలో ఐదు నిమిషాలున్నాయి. పై మెట్టు మీద ఇంజనీరు జీపు ఆగి ఉంది. అందులో మామ జేబుల్లో చేతులు పెట్టుకుని, కింద జరిగేదాన్ని కళ్ళప్పగించి చూస్తున్నాడు. తప్పెక్కడుందో ఆయనకూ అంతుపట్టడం లేదు. తవ్వడం బాగుంది, తిప్పడం బాగుంది, మరి ఈ పిల్ల ఎందుకిలా బియ్యం ఏరినట్టు పోస్తోంది?

వదిన సగం నిండిన బకెట్‌ను మళ్ళీ తొట్టి మీదికి తిప్పింది. సరిగ్గా అప్పుడు మరిది వాకీటాకీలోకి వచ్చాడు.

"వదినా, ఒక మాట అడుగుతా, కోప్పడకు. మేం గుడ్లు గానీ మోసుకెళ్తున్నామా?"

నాలుగు బండ్లలోంచి నాలుగు నవ్వులు. వదినకు ఒళ్ళు మండింది.

"నీ నడుం విరగ్గూడదని రా! ధబీమని పడేస్తే ఎలా ఉంటుందో నాకు తెలియదా?"

"మా నడుములు మేం చూసుకుంటాం. నువ్వు పైనుంచే పోసెయ్. ఇవాళ ఒక్కరోజుకి ఓర్చుకుంటాం," అన్నాడు మరిది. మిగతా నలుగురూ అవునవును, మాదీ అదే మాట అన్నారు. నడుం పట్టీ కట్టుకుని తిరిగే పెద్ద డ్రైవరు కూడా అన్నాడు.

వదిన బకెట్ ఎత్తింది. తొట్టి పైన ఆపింది. అందులో బండరాళ్ళున్నాయి, ఒక్కోటి బీరువా అంత. కింద మరిది ఉన్నాడు, పెళ్ళయిన కొత్తలో తనకు సైకిలు నేర్పినవాడు. చెయ్యి రాలేదు. బకెట్ అలాగే గాల్లో వేలాడింది. గనిలో అందరూ ఆ బకెట్ వైపే చూస్తున్నారు.

అప్పుడు డోజర్ కదిలింది. మౌని ఎవరూ పిలవకుండానే దూరంగా నెట్టేసిన మట్టిని మళ్ళీ తోసుకుంటూ వచ్చాడు. షవల్ కుడి పక్కన, పొద్దున ఎక్కడుందో సరిగ్గా అక్కడే కుప్ప పెట్టాడు. వెనక్కి తగ్గి, రేకు నేలకు దించి ఆగాడు. వాకీటాకీ గరగరమంది.

"వదినా, ఆ మట్టి చెత్త కాదు. పరుపు. మామ మొదటి బకెట్ అది పోస్తాడు. రాయి దాని మీద పడుతుంది. ఎంత ఎత్తు నుంచి పోసినా అదురు ఉండదు."

మౌని నోట అన్ని మాటలు ఒక్కసారి రావడం ఆ గనిలో అదే మొదలు.

పైన జీపులో మామ ఇంజనీరు వైపు తిరిగాడు. "నేను అలా చేస్తానా?" అన్నాడు, ఎవరి సంగతో వింటున్నట్టు. నిజమే పిల్లలూ, ఆయనకు తెలియదు. ఏళ్ళ తరబడి కుడి పక్కన మట్టి ఉండేది, చెయ్యి దానంతట అది ముందు అటు పోయేది. మట్టి అక్కడికి ఎలా వస్తోందని ఆయన ఒక్కనాడూ ఆలోచించలేదు. మామ అడగలేదు, మౌని చెప్పలేదు. వదినకు నేర్పినప్పుడు డంపరే లేదు కాబట్టి పరుపు మాటే రాలేదు.

మరి పొద్దునే చెప్పొచ్చు కదా అని తర్వాత వదిన మౌనిని నిలదీసింది. కొత్త చేతికి కొత్త పద్ధతి ఏదో ఉందనుకున్నానని, అడగకుండా చెప్పడం బాగుండదని ఆగానని, తల గోక్కుంటూ అన్నాడట.

సరే, వదిన గాల్లో ఉన్న రాళ్ళను పక్కన కుమ్మరించింది. బకెట్‌ను కుడికి తిప్పి మట్టి తీసి తొట్టిలో పోసింది, ఎత్తు నుంచే. ఆ తర్వాత నిండు బకెట్ రాయి. ఎత్తు నుంచే. కళ్ళు గట్టిగా మూసుకుంది, తెరిచింది. ఎలా ఉందిరా అని అడిగింది.

"వదినా," అన్నాడు మరిది, "మామ కింద ఉన్నట్టే ఉంది."

నాలుగు బకెట్లకు బండి నిండింది. మొదటిది మట్టి, మూడు రాయి. రెండు హారన్లు.

అంతటితో కష్టం తీరలేదు. వదిన చెయ్యి దారిలో పడింది గానీ బండ్లన్నీ గుత్తిగా ఒకచోట ఉన్నాయి. అన్నీ కలిసి పైకి పోతే క్రషర్ దగ్గర వరస, కింద షవల్ ఖాళీ. అన్నీ కలిసి దిగితే కింద వరస, పైన క్రషర్ ఖాళీ. మళ్ళీ నిమిషాలు పడతాయి. ఇది మరిదికి అర్థమైంది. గని మొత్తంలో ముందు నేనే, నన్ను దాటి ఎవరూ పోకూడదు అనే మనిషి. ఇంటికొచ్చి భోజనం కూడా అలాగే తినేవాడు, పందెం ఉన్నట్టు. ఆ మనిషి ఖాళీ బండితో దిగుతూ మలుపు దగ్గర పక్కకు తీసి ఆపాడు. ఇద్దరు నన్ను దాటిపోండి, నేను తర్వాత వస్తాను అన్నాడు. దాటినవాళ్ళు నమ్మలేక హారన్ కొట్టి మరీ దాటారు. రెండు తిరుగుళ్ళలో బండ్లు పూసల్లా ఎడమెడంగా అయ్యాయి. కింద ఒకటి నిండుతుంటే పైన ఒకటి పోస్తుంది, మధ్యలో ఒకటి ఎక్కుతుంది, రెండు దిగుతుంటాయి. భోజనాలు కూడా అందరూ ఒక్కసారి ఆగకుండా, మలుపు దగ్గర ఆగిన చోటే వంతులవారీగా తిన్నారు. వదిన డబ్బా మాత్రం తెరవలేదు. ఆకలి సంగతి గుర్తే లేదు.

మౌని ప్రతి బండికీ ముందే మట్టి తెచ్చి పెట్టాడు. ఆమె అటు చూడకుండానే బకెట్ అటు పోవడం మొదలైంది. పన్నెండు దాటాక ఒకసారి తన చెయ్యిని తనే చూసుకుని నవ్వుకుంది.

ఒకటింటికి క్రషర్ మళ్ళీ రెండు నిమిషాలు ఖాళీ అయింది. ఒక బండికి ఎదురుగా నీళ్ళ ట్యాంకరు వచ్చి దారి కాస్త ఇరుకైంది, అంతే. "క్రషర్ ఖాళీ. రెండు నిమిషాలు. మొత్తం ఇరవై ఏడు," అంది ఆఫీసు గొంతు. వదిన పళ్ళు నూరుకుంటూ బకెట్ తిప్పింది.

రెండు కావడానికి పది నిమిషాలుంది. చివరి బండి బకెట్ కింద నిలబడింది. మరిదిది. మట్టి, రాయి, రాయి, రాయి. రెండు హారన్లు. బండి కదల్లేదు. వినపడలేదేమోనని మళ్ళీ రెండు కొట్టింది. కదల్లేదు.

"ఏమైందిరా? బండి ఆగిపోయిందా?"

"బండి బాగానే ఉంది వదినా. మూడోది రాలేదు."

"అది మామది రా!"

"ఆ సీటుది. పొద్దున్నుంచి అది లేకుండా పోతున్నాం, ఉప్పు లేని కూర తిన్నట్టుంది. అది కొడితేనే కదుల్తా."

వాకీటాకీలో మొగుడి గొంతు వచ్చింది. ఈసారి ఆఫీసు గొంతు కాదు. ఇంటి గొంతు.

"తమ్ముడూ, ఇక్కడ నోరు ఖాళీ కాబోతోంది. నీకు దణ్ణం పెడతా, కదలరా. ఇవాళ నేను ఇంటికి పోవాలా వద్దా?"

వదిన తలెత్తి పై మెట్టు వైపు చూసింది. మామ జీపు దిగి, తలుపు పట్టుకుని నిలబడ్డాడు. పొద్దుటి నుంచి జేబులో ఉన్న చెయ్యి బయటికి తీసి, వేలితో గాల్లో ఒకే ఒక్క నొక్కు నొక్కాడు. మాట చెప్పకూడదన్నారు గానీ వేలు కదపకూడదని ఎవరూ అనలేదు.

వదిన నొక్కింది. చిన్నది.

మరిది బండి కదిలింది. దారిలో ఉన్న బండి ఒకటి హారన్ కొట్టింది, పైన ఉన్నది ఇంకొకటి, మలుపు దగ్గరిది ఇంకొకటి, మౌని డోజర్ కూడా బొంగురుగా ఒకటి. క్రషర్‌కు హారన్ ఉండదు కాబట్టి మొగుడు ఇనప గొట్టం మీద సుత్తితో కొట్టాడని తర్వాత తెలిసింది.

రెండయింది. మొత్తం ఇరవై ఏడు నిమిషాలే. ఇంజనీరు జీపులో కిందిదాకా వచ్చి, వదినగారూ, రేపట్నుంచి ఆ సీటు మీదే అన్నాడు. ఇంకేదో చెప్పబోయి, ఆమె మెట్ల మీదే కూర్చుని డబ్బా విప్పుకుని తింటుంటే, తిననీలే అని ఆగిపోయాడు. మామ మాత్రం మౌని దగ్గరికి కుంటుకుంటూ వెళ్ళాడు. ఇన్నేళ్ళూ నాకు మట్టి పెట్టింది నువ్వా అని అడిగాడు. మౌని 'సరే' అన్నాడు. అతనికి తెలిసిన జవాబు అదే.

ఇంటికి వచ్చేటప్పుడు వదిన మెత్తను మరిది చేతిలో పెట్టింది. ఇన్నాళ్ళూ ఆ మెత్తను చూసి ముసలమ్మవు అని ఎగతాళి చేసినవాడు, దాన్ని చంకలో పెట్టుకున్నాడు. ఆ రాత్రి మొగుడికి రెండు గరిటలు ఎక్కువే పడ్డాయి, ఎత్తు నుంచి పోసినా ఒక్క మెతుకు పక్కన పడలేదు. అందరూ అందర్నీ మెచ్చుకున్నారు, వదిననీ, మామనీ, మౌనినీ. మెత్త కుట్టిన అత్తగారిని ఒక్కరూ తలవలేదు. ఆ అత్తగారు ఎవరని మాత్రం అడగకండి, కథ చెప్పేవాళ్ళు తమ గొప్ప తాము చెప్పుకోకూడదు.

ఇదీ సంగతి. ఇది మీ దగ్గరే పెట్టుకోకండి. పెద్ద పనిలో చేరి మొదటి రోజు చెయ్యి తడబడేవాళ్ళు ఎవరైనా కనపడితే, పక్కన కూర్చోబెట్టుకుని ఇది మొత్తం చెప్పండి. నిమిషాలు అటూ ఇటూ అయినా పరవాలేదు. గుడ్ల మాట మరిచిపోకండి. మౌని మాట్లాడిన మాటలు మాత్రం ఒక్కటీ పోగొట్టకుండా చెప్పండి, అతను దాచుకుని దాచుకుని ఇచ్చినవి.